గీజరు ట్యాంకులో మడ్డి తొలగింపు

ఇళ్ళలో నీళ్ళు కాచే గీజరు ట్యాంకు అడుగున ఒండ్రు, సన్నటి ఇసుక, తుప్పు, సున్నపు గార పేరుకుంటాయి. వీటన్నింటినీ కలిపి మడ్డి అంటారు. ట్యాంకు నీటిని పూర్తిగా వదిలి, మళ్ళీ నింపి వదులుతూ ఈ మడ్డిని బయటికి పంపడాన్ని ట్యాంకు కడగడం లేదా ఫ్లషింగ్ అంటారు. కడిగినా రాని గారను అడుగు మూత విప్పి, పులుపు ద్రావణంతో కరిగించి తీయడాన్ని గార తొలగింపు లేదా డీస్కేలింగ్ అంటారు. వాడుకలో రెండింటినీ ‘సర్వీసింగ్’ అనే ఒకే మాటతో పిలిచినా ఇవి వేర్వేరు పనులు. ఏ ఇంటికి ఏది అవసరమో ఆ ఇంటికి వచ్చే నీటిని బట్టి తేలుతుంది.

రాజమహేంద్రవరంలోనూ గోదావరి డెల్టాలోనూ ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. నది నీరు వాడే ఇళ్ళలో వరదల కాలపు ఒండ్రు ప్రధానం. బోరు నీరు వాడే ఇళ్ళలో సున్నపు గార ప్రధానం. చాలా ఇళ్ళలో మున్సిపల్ కుళాయి, బోరు రెండూ ఒకే సంపులోకి లేదా మేడ మీది ఒకే ట్యాంకులోకి చేరతాయి కాబట్టి రెండు రకాల మడ్డీ కలిసి కనిపించడమూ మామూలే.

చరిత్ర

కరెంటు రాకముందు గోదావరి జిల్లాల్లో స్నానానికి నీళ్ళు కట్టెల పొయ్యి మీద కాగుల్లో, గంగాళాల్లో కాచేవారు. తర్వాత రాగి బాయిలరు వచ్చింది. దాని నడుమ నిలువుగా ఒక గొట్టం, అడుగున జల్లెడ ఉంటాయి. గొట్టంలో కట్టెపుల్లలు, కొబ్బరి డొక్కలు వేసి మంట పెడితే చుట్టూ ఉన్న నీరు కాగుతుంది. పైనుంచి చన్నీళ్ళు పోస్తే పక్కనున్న కొమ్ము లేదా కుళాయి నుంచి వేణ్ణీళ్ళు వస్తాయి. కాగు లోపలి అంచున, బాయిలరు గొట్టం చుట్టూ తెల్లటి గార కట్టేది. చింతపండుతో తోమి దాన్ని వదలగొట్టేవారు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కాల్షియం కార్బొనేటును కరిగిస్తుంది. నేటి డీస్కేలింగ్‌లోనూ జరిగేది ఇదే రసాయన చర్య.

నీటిలోని మట్టిని కాచకముందే వేరు చేసే పద్ధతీ పాతదే. వరద రోజుల్లో గోదావరి నీటిని బిందెల్లో పట్టి, చిల్లగింజ అరగదీసి కలిపేవారు, లేదా పటిక తిప్పేవారు. మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి అడుగుకు దిగేవి. పైన తేరిన నీటిని వంచుకుని వాడుకునేవారు.

గ్యాసుతో నీరు కాచే ‘గీజరు’ను 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ రూపొందించాడు. ఐస్‌లాండ్‌లోని వేడినీటి బుగ్గ పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. నార్వే నుంచి అమెరికా వెళ్ళిన ఎడ్విన్ రూడ్ 1889లో తనంతట తానే పనిచేసే నిల్వ ట్యాంకు హీటరును తయారుచేశాడు. నీటిని ట్యాంకులో నిలవబెట్టి కాచే పద్ధతితో పాటే మడ్డి సమస్యా ఇళ్ళలోకి వచ్చింది. కాగును రోజూ బోర్లించి కడగవచ్చు. గోడకు బిగించిన మూసిన ట్యాంకుకు ఆ వీలు లేదు.

స్థానిక నీటి వనరులు

గోదావరి నీరు. రాజమహేంద్రవరం నగరానికి మంచినీరు ప్రధానంగా గోదావరి నుంచే అందుతుంది. నది నీటిని తోడి, పటిక కలిపి, మట్టి దిగనిచ్చి, ఇసుక ఫిల్టర్ల గుండా వడగట్టి, క్లోరిన్ కలిపి వదలడం ఇలాంటి సరఫరాలో సాధారణ క్రమం. ఎగువన వానలు పడితే నది రంగు మారుతుంది. ఆ మార్పునే ఇక్కడివారు ‘ఎర్రనీరు వచ్చింది’ అంటారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా నీటిలో బురద బాగా ఎక్కువగా ఉంటుంది. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 1986 ఆగస్టు వరదలో ఇక్కడ దాదాపు 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలకు పైగా ప్రవహించాయి. ఫిల్టర్లు ఎంత వడగట్టినా అతి సన్నని బంకమట్టి రేణువులు కొన్ని మిగులుతాయి. పైపులు పగిలినచోట, మరమ్మతులు జరిగినచోట మట్టి కొత్తగా చేరుతుంది.

బోరు నీరు. నేల పొరల గుండా ఇంకే నీరు దారిలోని రాళ్ళ నుంచి కాల్షియం, మెగ్నీషియం, ఇనుము వంటివాటిని కరిగించుకుంటుంది. నగరం పక్కనున్న కాతేరు వద్దా, ఆవలి ఒడ్డున పంగిడి, గౌరీపట్నం ప్రాంతాల్లోనూ బసాల్టు శిల, దాని పొరల నడుమ సున్నపురాయి బయటపడి కనిపిస్తాయి. వాటి మీద ‘రాజమండ్రి ఇసుకరాయి’ అని భూవిజ్ఞానులు పిలిచే పొర ఉంది. బోరు ఎంత లోతుకు దిగింది, ఏ పొర నుంచి నీరు తీస్తోంది అన్నదాన్ని బట్టి పక్కపక్క ఇళ్ళలోనే నీటి గుణం మారవచ్చు.

డెల్టా నీరు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847–1852 మధ్య కట్టించిన ఆనకట్ట స్థానంలో తర్వాత వచ్చిన బ్యారేజీ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలకు నీరు ఇస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న కోనసీమ, నరసాపురం, భీమవరం ప్రాంతాల్లో చాలాచోట్ల భూగర్భజలం ఉప్పగా ఉంటుంది. అందుకే ఊరి మంచినీటి చెరువును కాలువ నీటితో నింపి, ఎండాకాలంలో కాలువలు కట్టేశాక ఆ నిల్వనే వాడుకుంటారు. ఆ నీటిలో ఒండ్రుతో పాటు పాచి వంటి సేంద్రియ పదార్థమూ ఉంటుంది. ఉప్పునీటి బోరుకు కలిపిన గీజరులో గార కన్నా తుప్పు పెద్ద సమస్య.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యత లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. కాబట్టి తాగడానికి పనికొచ్చే నీరు కూడా గీజరుకు గార పట్టించేంత కఠినంగా ఉండవచ్చు.

మడ్డి రకాలు

ఒండ్రు, ఇసుక. నీటితో పాటే వచ్చి, ట్యాంకులో నీరు కదలకుండా ఉన్నప్పుడు అడుగుకు దిగుతాయి. ఒండ్రు గోధుమ లేదా ఎర్రటి రంగులో, వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా ఉంటుంది. ఇసుక గరగరలాడుతుంది. ఇవి ట్యాంకు గోడకు అతుక్కోవు. నీటి ప్రవాహంతోనే బయటికి వస్తాయి.

సున్నపు గార. నీటిలో కరిగి ఉన్న పదార్థం వేడికి గట్టిపడి ఏర్పడుతుంది. తెల్లగా లేదా బూడిద రంగులో పెచ్చులుగా, గుండ్లుగా ఉంటుంది. నీటిని కాచే కాయిల్‌కు, దాని చుట్టూ ఉన్న లోహానికి గట్టిగా అంటుకుంటుంది. ఊడిపోయిన పెచ్చులు అడుగున చేరతాయి.

ఇనుప తుప్పు. ఇనుము ఎక్కువగా ఉన్న బోరు నీరు పట్టినప్పుడు తేటగానే ఉండి, గాలి తగిలాక ఎర్రబడుతుంది. పాత జీఐ పైపుల నుంచీ, లోపలి పూత చెదిరిన ట్యాంకు నుంచీ కూడా తుప్పు వస్తుంది. బట్టకు అంటితే మరక సులువుగా పోదు.

ఆనోడ్ పొడి. ట్యాంకును తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం కడ్డీ అరుగుతూ తెల్లటి పొడిని వదులుతుంది.

గారనూ ఒండ్రునూ వేరు చేసి చూసే పరీక్ష సులభం. ట్యాంకు నుంచి వచ్చిన పెచ్చును ఆరబెట్టి గాజు గ్లాసులో వేసి వెనిగర్ పోయాలి. బుడగలు వస్తే అందులో కార్బొనేట్ గార ఉన్నట్టు. బుడగలు రాకుండా పొడి అలాగే అడుగున ఉండిపోతే అది ఒండ్రు లేదా ఇసుక. బుడగలు ఆగాక కూడా గ్లాసు అడుగున మట్టి మిగిలితే రెండూ కలిసి ఉన్నట్టు.

ఏర్పడే తీరు

నీటి కాఠిన్యత రెండు రకాలు. కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్ల వల్ల వచ్చేది తాత్కాలిక కాఠిన్యత. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది శాశ్వత కాఠిన్యత. గీజరులో గారకు ప్రధాన కారణం మొదటిది. నీరు వేడెక్కితే కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి కాల్షియం కార్బొనేట్, నీరు, కార్బన్ డయాక్సైడ్ ఏర్పడతాయి. వాయువు పోతుంది, నీటిలో కరగని కార్బొనేట్ మిగులుతుంది. పంచదార వంటివి వేడి నీటిలో ఎక్కువ కరుగుతాయి, కాల్షియం కార్బొనేట్ మాత్రం వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే ట్యాంకులో అన్నిటికన్నా వేడిగా ఉండే కాయిల్ మీదే గార ముందుగా పడుతుంది. 60 డిగ్రీల సెల్సియస్ దాటాక ఈ చర్య మరింత వేగంగా సాగుతుంది.

పరిమాణం ఎంత ఉండవచ్చో లెక్క వేయవచ్చు. ఒక ఇంట్లో గీజరు నుంచి రోజుకు 50 లీటర్లు వాడుతున్నారని, లీటరుకు 100 మిల్లీగ్రాముల కార్బొనేట్ ట్యాంకులోనే దిగిపోతోందని అనుకుంటే, 120 రోజుల చలికాలంలో 6,000 లీటర్ల నుంచి 600 గ్రాముల గార చేరుతుంది. ఏడాది పొడుగునా వాడితే 1.8 కిలోలు దాటుతుంది. నిజంగా ఎంత పడుతుందనేది నీటి గుణం, వేడి, వాడకాన్ని బట్టి మారుతుంది.

ఒండ్రు దిగడానికి రసాయన చర్య అవసరం లేదు. మేడ మీది ట్యాంకు అడుగున కొంత మట్టి నిలిచిపోతుంది. బయటికి వెళ్ళే పైపు అడుగుకు కాస్త పైన ఉండడం వల్ల మామూలు రోజుల్లో అది కదలదు. ట్యాంకు ఖాళీ అయి మళ్ళీ నిండేటప్పుడూ, కడిగేటప్పుడూ కలకబారి పైపుల్లోకి దిగుతుంది.

గీజరు నిర్మాణం

భారతదేశంలో ఇళ్ళకు వాడే నిల్వ గీజర్లు సాధారణంగా 6 నుంచి 50 లీటర్ల వరకు ఉంటాయి. 15, 25 లీటర్లవి ఎక్కువగా కనిపిస్తాయి. కాయిల్ సామర్థ్యం సాధారణంగా 2 కిలోవాట్లు. వీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 2082. మడ్డి తొలగింపుకు సంబంధించిన ముఖ్య భాగాలు ఇవి:

లోపలి ట్యాంకు: గాజు లేదా పాలిమర్ పూత వేసిన ఉక్కుతో గానీ, స్టెయిన్‌లెస్ స్టీలుతో గానీ, కొన్ని రకాల్లో ప్లాస్టిక్‌తో గానీ చేస్తారు.

చన్నీళ్ళ పైపు: నీలం గుర్తుతో అడుగున ఉంటుంది. ట్యాంకు లోపల కొద్ది ఎత్తులోనే ముగుస్తుంది.

వేణ్ణీళ్ళ పైపు: ఎర్ర గుర్తుతో అడుగునే ఉన్నా, లోపల ట్యాంకు పై అంచు దాకా వెళుతుంది. అందువల్ల చన్నీళ్ళ వాల్వు కట్టేసి వేణ్ణీళ్ళ కుళాయి విప్పినంత మాత్రాన ట్యాంకు ఖాళీ కాదు.

సేఫ్టీ వాల్వు: చన్నీళ్ళ పైపు మీద ఉంటుంది. ఒత్తిడి పరిమితి దాటితే నీటిని వదులుతుంది, ట్యాంకు నీరు వెనక్కి పోకుండా ఆపుతుంది. చాలా వాల్వులకు నీరు వదలడానికి చిన్న మీట లేదా మర ఉంటుంది.

అడుగు మూత: కాయిల్, థర్మోస్టాట్ గొట్టం, ఆనోడ్ కడ్డీ సాధారణంగా దీనికే బిగించి ఉంటాయి. మూతకూ ట్యాంకుకూ మధ్య రబ్బరు గాస్కెట్ ఉంటుంది.

నిలువు గీజరులో కాయిల్ అడుగు నుంచి పైకి నిలబడి ఉంటుంది కాబట్టి మడ్డి పెరిగేకొద్దీ కాయిల్ మొదలు దానిలో కూరుకుపోతుంది.

ప్రభావాలు, గుర్తులు

రాగితో పోలిస్తే గారకు వేడిని ప్రసరించే గుణం నూరు రెట్లకు మించి తక్కువ. గార పట్టిన కాయిల్ తన వేడిని నీటికి త్వరగా ఇవ్వలేక తానే మరీ వేడెక్కుతుంది. చివరికి తొడుగు పగిలి ‘కాయిల్ కాలిపోవడం’ జరుగుతుంది. పగిలిన తొడుగు నుంచి నీటిలోకి కరెంటు లీకయ్యే ప్రమాదమూ ఉంది.

ఇంధన ఖర్చు విషయంలో గ్యాసు హీటరుకూ విద్యుత్ గీజరుకూ తేడా ఉంది. గ్యాసు హీటరులో ట్యాంకు అడుగున మంట ఉంటుంది. మడ్డి నడుమ అడ్డుపడితే వేడిలో కొంత భాగం పొగగొట్టం గుండా వృథాగా పోతుంది. విద్యుత్ గీజరులో కాయిల్ నీటిలోనే మునిగి ఉంటుంది కాబట్టి ఆలస్యంగానైనా వేడి నీటికే చేరుతుంది. 25 లీటర్ల నీటిని 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 1 యూనిట్ కరెంటు, 2 కిలోవాట్ల కాయిల్‌తో అరగంట పడుతుంది. మడ్డి వల్ల ఈ యూనిట్ల లెక్క పెద్దగా మారదు. అసలు నష్టం కాయిల్‌కు, థర్మోస్టాట్‌కు, ట్యాంకు ఆయుష్షుకు.

మడ్డి పేరుకున్నట్టు తెలిపే గుర్తులు:

నీళ్ళు కాగుతున్నప్పుడు ట్యాంకులో చిటపట, గడగడ శబ్దాలు రావడం. మడ్డి కింద చిక్కిన నీరు ఆవిరై పైకి తన్నుకు రావడమే దీనికి కారణం.

నీళ్ళు గోరువెచ్చగా ఉండగానే ఎర్ర లైటు ఆరిపోవడం. థర్మోస్టాట్ గొట్టం చుట్టూ మడ్డి చేరితే అది నీటి వేడికి బదులు మడ్డి వేడిని పసిగట్టి ముందే కరెంటు ఆపేస్తుంది.

బకెట్‌లో తెల్లటి పెచ్చులు, ఎర్రటి మట్టి కనిపించడం.

వేణ్ణీళ్ళ కుళాయి ధార సన్నబడి, చన్నీళ్ళ ధార మామూలుగానే ఉండడం.

సేఫ్టీ వాల్వు నుంచి నీరు బొట్లుగా కారుతూనే ఉండడం. వాల్వు నోట్లో ఇసుక రేణువు లేదా గార ఇరుక్కుంటే ఇలా జరుగుతుంది.

వేణ్ణీళ్ళు కుళ్ళిన గుడ్డు వాసన రావడం. నిలవ ఉన్న నీటిలోని బాక్టీరియా సల్ఫేట్లను హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చినప్పుడు ఈ వాసన పుడుతుంది.

మడ్డి బాక్టీరియాకు ఆశ్రయమిస్తుంది. 1976లో ఫిలడెల్ఫియాలో ప్రబలిన న్యుమోనియా తర్వాత గుర్తించిన లెజియొనెల్లా బాక్టీరియా 20–45 డిగ్రీల నీటిలో పెరుగుతుంది, 60 డిగ్రీల వద్ద నశిస్తుంది. గోరువెచ్చటి నీరు రోజుల తరబడి నిలిచే ట్యాంకులో మడ్డి ఉండకూడదనడానికి ఇది ఒక కారణం.

ట్యాంకు కడిగే విధానం

కింది క్రమం గోడకు బిగించిన నిలువు గీజరుకు వర్తిస్తుంది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో వేరే సూచన ఉంటే దాన్నే పాటించాలి.

1. గీజరు స్విచ్‌తో పాటు ఎంసీబీని కూడా కట్టాలి. ప్లగ్ ఉంటే పీకేయాలి.

2. వేణ్ణీళ్ళ కుళాయి విప్పి, చల్లటి నీరు వచ్చేదాకా వదలాలి. వేడి నీటితో ఉన్న ట్యాంకును ఖాళీ చేయకూడదు.

3. గీజరుకు వెళ్ళే చన్నీళ్ళ వాల్వు కట్టాలి. వేణ్ణీళ్ళ కుళాయిని మాత్రం విప్పే ఉంచాలి. నీరు దిగేటప్పుడు ట్యాంకులోకి గాలి ఆ దారినే వస్తుంది. గాలి లేకపోతే నీరు దిగదు.

4. సేఫ్టీ వాల్వుకు మీట ఉంటే దానికి గొట్టం తగిలించి మీట ఎత్తాలి. మీట లేకపోతే చన్నీళ్ళ కనెక్షన్ పైపును, వాల్వును విప్పి కింద బకెట్ పెట్టాలి. 25 లీటర్ల ట్యాంకుకు మామూలు బకెట్లు రెండు సరిపోవచ్చు.

5. మొదటి బకెట్‌లోని నీటిని పది నిమిషాలు కదపకుండా ఉంచి, పైనీరు వంచి, అడుగున దిగినదాన్ని చూడాలి. రంగు, గరుకుదనాన్ని బట్టి మడ్డి ఏ రకమో తెలుస్తుంది (చూ. మడ్డి రకాలు).

6. విప్పిన పైపును మళ్ళీ బిగించి, వాల్వు పూర్తిగా తెరిచి ట్యాంకును సగం నింపి, తిరిగి ఖాళీ చేయాలి. నీరు తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి.

7. చివరగా ట్యాంకు నింపేటప్పుడు వేణ్ణీళ్ళ కుళాయి విప్పి ఉంచాలి. గాలి బుసలు ఆగి ధార నిలకడగా వచ్చాక కట్టాలి. అతుకుల దగ్గర లీకు లేదని చూసి, అప్పుడే కరెంటు వేయాలి. ఖాళీ ట్యాంకులో కాయిల్ వెలిగితే కొద్దిసేపట్లోనే కాలిపోతుంది.

ఆరో దశలో నింపి వదలడం పలుమార్లు చేయవలసి రావడానికి స్థానిక కారణం ఉంది. చాలా ఇళ్ళలో గీజరుకు నీరు మేడ మీది ట్యాంకు నుంచి దానంతట అదే దిగుతుంది. 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. ట్యాంకు గీజరుకన్నా నాలుగైదు మీటర్లే ఎత్తులో ఉంటే ఒత్తిడి అర బార్ లోపే. ఒక్క ఊపుతో మడ్డిని లేపేంత వేగం ఆ నీటికి ఉండదు. ప్రెషర్ పంపు ఉన్న అపార్టుమెంట్లలో మడ్డి త్వరగా కదులుతుంది.

గార తొలగించే విధానం

కడిగాక కూడా శబ్దాలు తగ్గకపోతే, పెచ్చులు వస్తూనే ఉంటే అడుగు మూత విప్పాలి. వైర్లు విప్పి, తిరిగి అదే వరుసలో కలపవలసిన పని ఇది. ఎలక్ట్రీషియన్ లేదా సర్వీసు మనిషి చేయడం క్షేమం.

మూతతో పాటు కాయిల్ బయటికి వచ్చాక మందపాటి గారను చెక్క పుల్లతో మెల్లగా రాల్చాలి. స్క్రూడ్రైవర్‌తో గీకితే కాయిల్ తొడుగు గాట్లు పడి తర్వాత అక్కడే పగులుతుంది. మిగిలినదాన్ని కరిగించడానికి వంటింట్లో వాడే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, సరిపోతుంది. లీటరు గోరువెచ్చటి నీటికి 50 గ్రాములు కలిపి, కరెంటు కనెక్షన్లు తడవకుండా కాయిల్ భాగాన్ని మాత్రమే ముంచాలి. బుడగలు ఆగేదాకా ఉంచి మంచినీటితో కడగాలి. 100 గ్రాముల కాల్షియం కార్బొనేటును పూర్తిగా కరిగించడానికి దాదాపు 130 గ్రాముల సిట్రిక్ ఆమ్లం కావాలి. అందుకే ముందుగా చేతితో రాల్చగలిగినంత రాల్చడం మంచిది. వెనిగర్ కూడా పనిచేస్తుంది గానీ ఎక్కువసేపు పడుతుంది. వృత్తిదారులు సల్ఫామిక్ ఆమ్లం వాడతారు.

ఆమ్లం తగిలితే మెగ్నీషియం ఆనోడ్ కరిగిపోతుంది కాబట్టి దాన్ని ముందే విప్పి పక్కన పెట్టాలి. కడ్డీ సగానికి మించి అరిగినా, నడిమి తీగ బయటపడినా కొత్తది వేయాలి. గాస్కెట్ గట్టిపడి ఉంటే దాన్నీ మార్చాలి.

బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను గీజరులో పోయకూడదు. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉక్కును, అతుకులను తినేస్తుంది. అది బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ఒండ్రు మీద ఆమ్లం పనిచేయదు, అంటుకున్న గార మీద నీటి ప్రవాహం పనిచేయదు. ఈ తేడా గమనించకపోతే ఎంత శ్రమపడినా ట్యాంకు శుభ్రపడదు.

ఇతర రకాల హీటర్లు

ఇన్‌స్టంట్ గీజరు: 1–3 లీటర్ల ట్యాంకు, సాధారణంగా 3 కిలోవాట్ల కాయిల్ ఉంటాయి. ఒండ్రు నిలిచే చోటు తక్కువ. కానీ చిన్న ట్యాంకులో పెద్ద కాయిల్ కాబట్టి బోరు నీటితో గార త్వరగా పడుతుంది. దీనికి ప్రమాణం ఐఎస్ 8978.

సోలార్ హీటరు: మేడ మీది ట్యాంకుకు అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది. గాజు గొట్టాల రకంలో ఒండ్రు గొట్టాల అడుగుకు దిగుతుంది. ట్యాంకును, గొట్టాలను తెల్లవారుజామున, ఎండ తగలకముందే కడగాలి. ఎండకు కాగిన ఖాళీ గొట్టంలో చన్నీళ్ళు పడితే గాజు పగులుతుంది.

హీటరు రాడ్డు: బకెట్‌లో ముంచి వాడేది. గార కంటికి కనిపిస్తుంది. కరెంటు నుంచి తీసి, చల్లారాక నిమ్మ ఉప్పు నీటితో శుభ్రం చేయవచ్చు. దీనికి ప్రమాణం ఐఎస్ 368.

నేల మీద నిలిపే పెద్ద ట్యాంకు: అమెరికాలోని ఇళ్ళలో, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్ళలో సహా, గరాజులోనో బేస్‌మెంట్‌లోనో ఉండే 40–50 గ్యాలన్ల, అంటే సుమారు 150–190 లీటర్ల ట్యాంకు. అడుగున నీరు వదిలే కుళాయి బిగించే ఉంటుంది. దానికి తోట గొట్టం తగిలించి ఏడాదికోసారి కడగమని తయారీదారులు సాధారణంగా సూచిస్తారు. వీధి పైపు ఒత్తిడి ఎక్కువ కాబట్టి చన్నీళ్ళ వాల్వును కొద్దికొద్దిగా తెరిచి మూస్తూ మడ్డిని లేపుతారు.

అనువైన కాలం

గోదావరి తీరంలో గీజరు వాడకం ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండదు. వేసవి ఎండలకు మేడ మీది ట్యాంకు నీరే కాగిపోతుంది. గీజరు అవసరం దీపావళి నాటి తలంటుతో మొదలై, కార్తీక, మార్గశిర, పుష్య మాసాల్లో పెరిగి, మాఘం చివరికి తగ్గుతుంది. వరద నీటి కాలం దీనికి ముందే ముగుస్తుంది. కాబట్టి నది నీరు వాడే ఇళ్ళకు అనువైన సమయం దసరా, దీపావళుల మధ్య. అప్పటికి ఎర్రనీరు తగ్గి ఉంటుంది, వాడకం ఇంకా మొదలై ఉండదు. ముందు సంపు, తర్వాత మేడ మీది ట్యాంకు, ఆఖరున గీజరు కడగాలి. క్రమం తప్పితే పైనున్న మట్టి మళ్ళీ గీజరులోకే దిగుతుంది.

బోరు నీటి ఇళ్ళలో నీళ్ళు కాగినంత కాలం గార పేరుకుంటుంది కాబట్టి చలికాలం ముగిశాక, మాఘ–ఫాల్గుణాల్లో మూత విప్పి చూడడం మేలు. గార కొత్తగా ఉన్నప్పుడు సులువుగా ఊడుతుంది. ఏడాది పొడుగునా గీజరు వాడే ఇళ్ళలో ఆరు నెలలకోసారి పరీక్షించాలి. వేసవి నెలలు వాడకుండా ఉంచే గీజరును మళ్ళీ వాడేముందు నిలవనీరు మొత్తం వదిలేయాలి.

నివారణ

థర్మోస్టాట్‌ను గరిష్ఠానికి పెట్టకుండా 55–60 డిగ్రీల మధ్య ఉంచితే గార పడే వేగం తగ్గుతుంది. రెండు వనరులూ ఉన్న ఇంట్లో బోరు నీటిని మొక్కలకు, కడగడానికి వాడి, గీజరుకు మున్సిపల్ నీరు వెళ్ళేలా పైపు వేయించుకోవచ్చు. గీజరు ముందు జల్లెడ ఫిల్టరు పెడితే ఇసుక, పెద్ద రేణువులు ఆగుతాయి. అతి సన్నని ఒండ్రు, కరిగి ఉన్న లవణాలు ఆగవు. కాల్షియం, మెగ్నీషియం తొలగించడానికి సాఫ్టెనర్ కావాలి. అందులోని రెసిన్ వాటిని పట్టుకుని సోడియంను వదులుతుంది. కొంతకాలానికోసారి ఉప్పునీటితో రెసిన్‌ను తిరిగి సిద్ధం చేయాలి. మేడ మీది ట్యాంకు కడిగే రోజున గీజరు చన్నీళ్ళ వాల్వు కట్టేసి, పైపుల్లో నీరు తేటపడ్డాక విప్పడం ఖర్చు లేని జాగ్రత్త.

ట్యాంకు కడిగిన నీటిలో మట్టి, సున్నం తప్ప హానికరమైనవి సాధారణంగా ఉండవు. దాన్ని మరుగుదొడ్డికి, వాకిలి కడగడానికి వాడుకోవచ్చు. ఆమ్లం కలిసిన నీటిని మాత్రం ఎక్కువ నీటితో పల్చబరిచి మురుగులోకి వదలాలి.

పరిమితులు

కడగడం వల్ల మడ్డి పోతుంది గానీ అప్పటికే జరిగిన తుప్పు నష్టం పూడదు. పాత ట్యాంకులో గార పొరే సన్నటి రంధ్రాన్ని మూసి ఉంచితే, కడిగాక లీకు బయటపడవచ్చు. లోపలి ట్యాంకు చిల్లుపడితే అతుకు వేయడం సురక్షితం కాదు, ట్యాంకునే మార్చాలి. గీజరు నీటిని ముట్టుకుంటే షాకు తగలడం, ఎంసీబీ పదేపదే పడిపోవడం వంటివి మడ్డి సమస్యలుగా భావించి కడగకూడదు. అలాంటప్పుడు వాడకం ఆపి కాయిల్, ఎర్తింగ్ పరీక్ష చేయించాలి. సేఫ్టీ వాల్వు బొట్లు కారుతోందని దాని నోటికి బిరడా కొట్టడం ప్రమాదకరం. థర్మోస్టాట్, మరీ వేడెక్కితే కరెంటు ఆపే కటౌట్ రెండూ విఫలమైనప్పుడు ట్యాంకు పేలకుండా ఆపేది ఆ వాల్వే.